తీగ దూరెడు ద్వారము



ఊరగాయ జాడీ లేని ఇల్లు మన ప్రాంతమున అరుదు. జాడీ ఎంత గట్టిదైనను, వేసవిలో పెట్టిన ఆవకాయ మరుసటి వేసవి వరకు చెడక నిలుచుట మూతికి కట్టిన వాసెనపై ఆధారపడియుండును. వాసెన వదులైనచో బూజు పట్టును. అప్పుడు జాడీని నిందించి ప్రయోజనము లేదు. ఈనాటి నా ప్రసంగము ఊరగాయను గూర్చినది కాదు. విద్యుత్తు తీగలను కలిపెడు ఒక లోహపు పెట్టెను గూర్చి, అందులోనికి తీగ దూరెడు చోట బిగించు ఒక చిన్న ఇత్తడి సామానును గూర్చి. అది అరచేతిలో ఇమిడిపోవును. దాని పేరు వినినవారు మనలో కొద్దిమందియే. అయినను అది సరిగా బిగింపబడినదా లేదా అను దానిపై కొన్ని చోట్ల పదిమంది ప్రాణములు ఆధారపడియున్నవి.

ఆ సామానును మన విద్యుత్ పనివారు గ్లాండు అందురు. నిఘంటువు తీసి చూచినచో ఆ మాటకు గ్రంథి అని యుండును. అది వైద్యుల గ్రంథి. ఐనను గ్రంథి యనగా ముడి యని గదా అర్థము. తీగను పెట్టెకు ముడివేయునది కనుక ఆ పేరు దీనికిని చెల్లునని నాకు తోచినది. పనివారి నాలుకపై నిలిచిన మాటను మార్చు ఉద్దేశము నాకు లేదు. నేనును గ్లాండు అనియే పిలిచెదను.

నర్సీపట్నము శ్రోతలు దీనిని చూచుటకు దూరము పోనక్కరలేదు. ఏ పెట్రోలు బంకునకు పోయినను, నూనె పోయు యంత్రము క్రింది భాగమున, రేకు తలుపు వెనుక, బరువైన పోతలోహపు పెట్టెలు ఒకటి రెండు ఉండును. మూత చుట్టును బోల్టులు. నేలలోనుండి వచ్చు కేబులు. ఆ కేబులు పెట్టెను తాకు చోట ఆరు పలకల ఇత్తడి బిగింపు. అదియే గ్లాండు. వంట గ్యాసు సిలిండర్లు నింపు కేంద్రములలో, రంగులు చేయు కర్మాగారములలో, మందుల కర్మాగారములలో ఇవి వందల కొలది ఉండును.

నర్సీపట్నము మన్యమునకు వాకిలి వంటి ఊరు. కర్మాగారముల ఊరు కాదు. మరి ఈ గోష్ఠి ఇచ్చటి వారికేల యని మీరడుగవచ్చును. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారినప్పటి నుండి ఈ ఊరు అనకాపల్లి జిల్లాలో ఒక రెవిన్యూ డివిజను కేంద్రము. అదే జిల్లాలో, సముద్రము వైపున, పరవాడ, అచ్యుతాపురము కలవు. మందుల కర్మాగారములు, రసాయన కర్మాగారములు అచ్చట వరుసలు తీరియున్నవి. ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియను పని నేర్చిన కుర్రవానికి ఈ జిల్లాలో ఉద్యోగము దొరకు చోటు లవియే. తెల్లవారకముందే కంపెనీ బస్సు ఎక్కి, రాత్రి ఇల్లు చేరిన కొడుకును తండ్రి "పనేమిట్రా అక్కడ?" అని అడుగును. "ఏదో వైరింగు పనిలే నాన్నా" అని సమాధానము వచ్చును. ఆ ఏదో వైరింగు పని ఎట్టిదో కొంత చెప్పుటకే నేడు మీ ముందునకు వచ్చితిని.

దేనికైనను మంట పుట్టుటకు మూడు కూడవలెను: ఇంధనము, గాలి, నిప్పు. పెట్రోలు మండుచున్నదని మనము అందుము గాని, నిజమునకు మండునది దాని ఆవిరి. ఆ ఆవిరియైనను గాలితో తగిన పాళ్ళలో కలిసినప్పుడే అంటుకొనును. మందుల తయారీలో వాడు ద్రావకములలో మిథైల్ టెర్షియరీ బ్యుటైల్ ఈథర్ అనునది యొకటి. పనివారు దానిని ఎం.టి.బి.ఇ. అందురు. అది సున్నకు దిగువ 28 డిగ్రీల చలిలో సైతము అంటుకొనదగినంత ఆవిరిని విడుచును. మన తీరపు ఎండలో దాని సంగతి చెప్పనేల? నూరు పాళ్ళ గాలిలో ఆ ఆవిరి రెండు పాళ్ళు నిండకముందే మంటకు సిద్ధమగును. అది గాలికంటె మూడు రెట్లు బరువు. కనుక పొగవలె పైకెగిరి పోదు. నేలబారున ప్రాకును; గుంటలలో, మురుగు కాలువలలో, కేబుళ్ళు పరచిన కందకములలో దాగియుండును.

ఇక నిప్పు. కర్మాగారములో బీడీ వెలిగించువాడుండడు; అగ్గిపెట్టెలను ద్వారము వద్దనే తీసికొందురు. కాని స్విచ్చి వేసినప్పుడు, తీసినప్పుడు, వదులైన తీగ కొన అదరినప్పుడు, కంటికి కనబడీ కనబడని రవ్వ పుట్టును. ఆవిరికి అంత చాలును.

2024 ఆగస్టు 21వ తేదీ మధ్యాహ్నము, రెండు గంటలు దాటిన తరువాత, అచ్యుతాపురములోని ఒక మందుల కర్మాగారమున జరిగినది మీరు మరచియుండరు. ఎం.టి.బి.ఇ. ద్రావకమును ఒక తావునుండి మరియొక తావునకు పంపుచుండగా అది కారినదనియు, విద్యుత్ పరికరములను చేరి అంటుకొన్నదనియు అప్పుడు అధికారులు వెల్లడించిరి. పేలుడునకు గోడలు కూలినవి. 17 మంది మరణించిరి. ముప్పదిమందికి పైగా గాయపడిరి. అంతకుముందు, 1997 సెప్టెంబరు 14వ తేదీ వేకువను, విశాఖపట్నములోని చమురు శుద్ధి కర్మాగారమున వంట గ్యాసు కారి, మేఘమువలె పరచుకొని, అంటుకొన్నప్పుడు సుమారు 60 మంది బలియైరి. ఈ రెండు ఘోరములకును గ్లాండు కారణమని నేననుట లేదు. ఇంధనము తన చోటు విడిచి నిప్పును వెదకుకొనుచు పోగలదను సంగతికి మాత్రమే వానిని చెప్పుచున్నాను. కారుట ఎప్పుడో ఒకప్పుడు జరుగును. గొట్టములు అరుగును, మనుష్యులు పొరపడుదురు. కారిన నాడు ఎదురుపడిన ప్రతి పెట్టెయు దానికి నిప్పు అందీయకుండ ఉండవలెను. ఇంజనీర్లు చేయు ప్రయత్నము ఇదియే.

అట్లయినచో గాలి చొరని పెట్టెను చేసిన చాలును గదా యని మనకు తోచును. నేనును మొదట అట్లే తలచితిని. ఇచ్చట మన ఊరగాయ జాడీ పోలిక చెల్లదు. పగలు పెట్టె వేడెక్కును, లోని గాలి వ్యాకోచించి సందులగుండ బయటికి పోవును. రాత్రి చల్లబడును, బయటి గాలిని లోనికి పీల్చును. రోజుకొక ఉచ్ఛ్వాసము, ఒక నిశ్వాసము. బయట ఆవిరి యుండినచో అదియు ఆ శ్వాసతో లోనికి పోవును. ఎంత బిగించినను ఏండ్ల తరబడి ఈ శ్వాసను ఆపుట సాధ్యము కాదు.

కనుక ఇంజనీర్లు మరియొక త్రోవ త్రొక్కిరి. ఆవిరి లోనికి పోవచ్చును. లోపల రవ్వ పుట్టవచ్చును. ప్రేలుడు సైతము జరుగవచ్చును. పెట్టె పగులకుండ ఆ ప్రేలుడును తనలోనే భరింపవలెను. లోని మంట బయటి ఆవిరిని ముట్టింపకుండ చూడవలెను. ఇట్టి పెట్టెను ఫ్లేమ్‌ప్రూఫ్ పెట్టె అందురు. దాని మూతకును అంచునకును నడుమ సన్నని సందు ఉండును. ఆ సందు తెలిసి ఉంచినదే. లోపల పుట్టిన వేడి వాయువు ఆ ఇరుకు సందులో, వెడల్పైన లోహపు అంచుల నడుమ, దూసికొని పోవునప్పుడు తన వేడిని లోహమునకు కోల్పోవును. బయట పడునప్పటికి అది ముట్టింపలేనంత చల్లబడును. అందువలననే ఆ అంచుల నడుమ అట్టముక్కలు పెట్టరాదు, రంగు పూయరాదు, ఆకురాయితో గీకరాదు. మంచి ఉద్దేశముతో సందు మూయవలెనని దానికి రంగు దట్టించిన పనివాడు పెట్టెను పాడుచేసినవాడే యగును.

ఈ సూత్రము మనకు వచ్చినది బొగ్గు గనులనుండి. 1815లో ఇంగ్లండులో హంఫ్రీ డేవీ దీపము చుట్టును సన్నని తీగల జల్లెడ కట్టి, మంట ఆ కన్నములగుండ పోలేదని నిరూపించెను. సింగరేణి గనులలో పనిచేసినవారికి సేఫ్టీ దీపము పేరు క్రొత్త కాదు. గనులలోనికి విద్యుత్తు ప్రవేశించిన పిదప, 20వ శతాబ్ది తొలి దశకమున, జర్మనీలో కార్ల్ బైలింగ్ అను గని ఇంజనీరు ఎట్టి అంచులు, ఎంత సందు మంటను ఆపగలవో పెట్టెలను ప్రేల్చి ప్రేల్చి కనుగొనెను. అతడు చూపిన దారియే నేటికిని నడుచుచున్నది. మన దేశమున ధన్‌బాద్‌లోని కేంద్ర పరిశోధన సంస్థలో ఇట్టి పెట్టెలను వాయువు నింపి ప్రేల్చి పరీక్షింతురు. నాగపూరు కేంద్రముగా గల పెట్రోలియం, పేలుడు పదార్థముల భద్రతా సంస్థ వానికి అనుమతి ఇచ్చును.

అన్ని ఆవిరులును ఒకే తీరువి కావు. 25 మిల్లీమీటర్ల వెడల్పు గల అంచుల నడుమ వంట గ్యాసులోని ప్రొపేను మంట 0.92 మిల్లీమీటరు సందును దాటలేదు. ఎథిలీను 0.65 వద్ద ఆగును. హైడ్రోజను మంటయో 0.29 వరకు దూరగలదు. అది పోస్టుకార్డు మందమునకు దరిదాపు. అందుచేతనే పెట్టెలను టూ-ఏ, టూ-బీ, టూ-సీ యని వర్గములుగా విభజించిరి. పెట్రోలు బంకునకు చాలిన పెట్టె హైడ్రోజను ఉన్న చోట చాలదు.

ఇప్పుడు అసలు సంగతికి వచ్చుచున్నాను. ఇంత శాస్త్రము, ఇంత పరీక్ష, ఇంత ఖర్చు పెట్టి చేసిన పెట్టె గోడకు మనము కన్నము పెట్టుచున్నాము. పెట్టక తప్పదు, తీగ లోనికి పోవలెను గదా. కోటకు ఎంత ప్రాకారము కట్టినను గుమ్మము ఉంచక తప్పనట్లు. పెట్టె ఫ్యాక్టరీలో తయారగును. అచ్చట కొలతలు, పరికరములు, పరీక్షకులు ఉందురు. గ్లాండును మాత్రము నిచ్చెనపై నిలిచి, ఎండలో, చెమట కారుచుండగా, సాయంత్రములోగా ముగింపుమని కేకలు వినబడుచుండగా, ఒక కుర్రవాడు బిగించును. మంటను ఆపు గోడలో ఆఖరి ముక్కను పేర్చునది ఆ కుర్రవాని చేయి.

గ్లాండు లోపల ఏమున్నది? మన కర్మాగారములలో వాడునది చాలవరకు కవచము గల కేబులు: లోపల రాగి లేక అల్యూమినియము తీగలు, వానిపై ఒక తొడుగు, దానిపై ఉక్కు తీగల అల్లిక, పైన మరియొక తొడుగు. రెండు ఒత్తుల గ్లాండులో ఒక రబ్బరు వలయము లోని తొడుగును, వేరొకటి పై తొడుగును బిగిపట్టును. నడుమ శంకువువంటి ఇత్తడి ముక్కకును ఉంగరమునకును మధ్య ఉక్కు తీగలు నలుగును. ఆ ఉక్కు కవచము బలము కొరకు మాత్రమే కాదు. ఎక్కడైన విద్యుత్తు దారి తప్పినచో దానిని భూమికి చేర్చునదియు అదియే. తీగలు నాలుగు శంకువు మీద, నాలుగు ప్రక్కకు జారి యుండినచో, దారి తప్పిన విద్యుత్తు ఆ వదులు చోటనే రవ్వలు రాల్చును. రక్షణకు పెట్టిన వస్తువే నిప్పు పుట్టించును.

రబ్బరు వలయము కేబులు లావునకు తగినదై యుండవలెను. ప్రతి గ్లాండుకు ఇంత సన్నము మొదలు ఇంత లావు వరకు అని హద్దులు ఉండును. సన్నని కేబులుకు పెద్ద గ్లాండు పెట్టి, సందులో ఇన్సులేషను టేపు చుట్టి బిగించుట నేను విన్నంతలో చాల చోట్ల జరుగు తప్పు. టేపు జిగురు వేసవికి కరగును, వానకు ఊడును. పైకి మాత్రము ఇత్తడి మెరయుచునే యుండును.

శ్రోతలకు వింతగా తోచు సంగతి ఇంకొకటి కలదు. గ్లాండు కేబులు చుట్టును గట్టిగా పట్టుకొన్నను, కేబులు కడుపులోనుండియే దారి ఉండవచ్చును. గుండ్రని తీగలు మూడు నాలుగు ఒక తొడుగులో ఇమిడినప్పుడు వాని నడుమ మూలలు ఖాళీగా మిగులును. వెదురుబొంగు వలె అది పొడవునా ఒక సన్నని గొట్టము. పెట్టెలో ప్రేలుడు జరిగినచో వేడి వాయువు ఆ గొట్టమున దూరును. ప్రేలుడు లేకున్నను, ఆవిరి మెల్లగా ఆ దారిని వేరొక గదికి, ఏ జాగ్రత్తయు లేని సామాన్యపు స్విచ్చి పలక వద్దకు చేరగలదు. అందుచేత ఇట్టి చోట్ల తీగలను విడదీసి, ఒక్కొక్క తీగ చుట్టును ముద్దవంటి పదార్థమును నింపి గట్టిపడనిచ్చు గ్లాండును వాడుదురు. కేబులు లోపల సందు లేకుండ నిండుగా నేసినదై, కనీసము 3 మీటర్ల పొడవు గలదైనప్పుడు రబ్బరు వలయపు గ్లాండు చాలునని అంతర్జాతీయ ప్రమాణము చెప్పును. పెట్రోలు బంకులలో కేబులు నేలలోని గొట్టముగుండ ఆఫీసు గదికి పోవును. ఆ గొట్టపు మూతిని సైతము మూయవలెను. లేనిచో బయట పుట్టిన ఆవిరి గల్లాపెట్టె బల్ల క్రిందికి వచ్చి కూర్చుండును.

వానను గూర్చి ఒక మాట. సముద్రతీరపు ఉప్పుగాలి ఇత్తడిని పచ్చబరచును, అల్యూమినియమును పొడిచేయును. పైనుండి క్రిందికి దిగిన కేబులు నేరుగా పెట్టె నెత్తిన దూరినచో వాననీరు దానిని పట్టుకొని జారి గ్లాండులోనికి పోవును. అనుభవము గల మేస్త్రీ కేబులును పెట్టెకు దిగువకు వంచి, మరల పైకి తిప్పి, క్రిందినుండి దూర్చును. నీటిచుక్క వంపు వద్దనే రాలిపోవును. దీనికి ఏ సర్టిఫికెట్టును అక్కరలేదు.

కొన్ని ఏండ్ల క్రిందట కార్మికుల కార్యక్రమము కొరకు తీరమున ఒక కర్మాగారమునకు పోయితిని. పేరు చెప్పుట అనవసరము. మా రికార్డరును ద్వారము వద్దనే ఆపివేసిరి. బ్యాటరీతో నడచు ఆ చిన్న యంత్రమును లోనికి రానీయకపోవుట నాకు కొంత కష్టముగనే తోచినది. "ఇది కూడా రవ్వ పుట్టిస్తాదండి" అని కావలివాడు మర్యాదగనే చెప్పెను. అతడు చెప్పినది నిజము. చెవులు మాత్రము తీసికొని లోనికి నడచితిని.

నాకు తోడుగా వచ్చినది మాకవరపాలెము వైపునుండి వచ్చిన ఒక ముసలి ఫోర్‌మను. పదవీ విరమణకు సంవత్సరము మాత్రమే మిగిలినవాడు. ఒక పంపు ప్రక్క స్తంభమునకు బిగించిన జంక్షను పెట్టె ముందు ఆగి, దాని కొలతలు చెప్పబోయి, మధ్యలో మాట ఆపెను. పెట్టెకు నాలుగు ద్వారములు. రెండింట కేబుళ్ళు ఉన్నవి. మూడవదానికి ఇత్తడి బిరడా ఉన్నది. నాలుగవది బూడిదరంగుతో పెట్టెలో కలిసిపోయి యున్నది. నాకు అన్నియు ఒకటిగనే కనబడినవి. అతడు గోటితో ఆ నాలుగవదానిని గీకెను. రంగు పెచ్చు లేచినది. లోపల లప్పము, లప్పము వెనుక గుడ్డపీలిక. ఏదో మరమ్మతులో ఒక కేబులును తీసివేసి, కన్నమును అట్లు మూసి, పెట్టెకంతటికి రంగువేసి పోయిరి. ఎవరు, ఎప్పుడు అనునది రిజిస్టరులో లేదు.

"పెట్టెకి కాయితం ఉన్నాది సారూ," అని ఫోర్‌మను పెట్టె మీది రేకును చూపెను. "ఈ కన్నానికి కాయితం నేదు. మరి పెట్టెకున్న కాయితం ఏటికి పనికొస్తాది?"

ఆ మాటనే ప్రమాణములు వేరు భాషలో చెప్పుచున్నవి. పెట్టెకు ఇచ్చిన ధ్రువపత్రము గ్లాండుకు వర్తింపదు. గ్లాండుకు వేరుగ ధ్రువపత్రము ఉండవలెను. ఖాళీగ విడిచిన ద్వారమును అట్టి పత్రము గల లోహపు బిరడాతోనే మూయవలెను. పత్రము సంఖ్య చివర ఎక్స్ అను అక్షరము ఉండినచో, వాడుటకు ప్రత్యేకమైన షరతులు కలవని అర్థము. ఆ షరతులు చదువక బిగించుట పత్రము లేకుండ బిగించుటయే. మనవారు ఆ అక్షరమును కంపెనీ వారి ముద్ర యనుకొందురు.

తనిఖీ మాటకు వచ్చినచో మూడు తరగతులు కలవు. నడచుచు కంటితో చూచునది ఒకటి. నిచ్చెన వేసికొని, చేతితో తాకి, రెంచితో కదిపి చూచునది రెండవది. విద్యుత్తును ఆపి, విప్పి, లోపల చూచునది మూడవది. నిపుణుల సలహా లేనిదే ఈ తనిఖీల నడుమ మూడు సంవత్సరములకు మించి ఎడము ఉండరాదని నియమము. గ్లాండుకు వచ్చు రోగములు చాలవరకు మొదటి చూపునకు దొరకవు. గట్టిపడి బీటలు వారిన రబ్బరు వలయము పైకి కనబడునా? రంగు వేసిన లప్పమును కాగితముపై టిక్కు పెట్టుచు నడచిపోవువాడు కనిపెట్టునా? మొదటి తరగతి తనిఖీని నూరు సార్లు చేసి రిజిస్టరు నింపుట, మూడవ తరగతి తనిఖీని ఒక్కసారి చేయుటకు ఈడు కాదు. విప్పి చూచుటకు యంత్రమును ఆపవలెను. యంత్రము ఆగిన ఉత్పత్తి ఆగును. దీనిని వాయిదా వేయుటకు కారణములు ఎప్పుడును దొరకుచునే యుండును.

ఇండ్లలో మనకు ఇట్టి పెట్టెలు లేవు. వంటింటి స్విచ్చి మంటను ఆపునది కాదు, ఆపునట్లు చేసినదియు కాదు. కనుక గ్యాసు వాసన తగిలినప్పుడు దీపము వేయరాదు. వెలుగుచున్న దీపమును ఆర్పనుకూడ రాదు, ఆర్పునప్పుడును రవ్వ పుట్టును గనుక. సిలిండరు రెగ్యులేటరును కట్టివేసి, తలుపులు తెరచి, బయటికి పోవలెను. వంట గ్యాసు సైతము గాలికంటె బరువైనదే. పై కిటికీ ఒక్కటి తెరచిన చాలదు, నేల మట్టమున తలుపు తెరవవలెను. గ్యాసుకు స్వతహాగా వాసన లేదు. మనము పసిగట్టుటకై దుర్గంధము గల మందును అందులో కలుపుదురు. పాపము, ఆ కంపును తిట్టుకొనువారే ఎక్కువ.

మరల ఆ పెట్టె సంగతి. ఫోర్‌మను కంట్రోలు గదికి కబురు పంపి, ఆ పంపునకు విద్యుత్తు ఆపించి, తాళము వేయించి, పని చేయుటకు అనుమతి చీటీ వ్రాయించెను. ఇదియంతయు అరగంట పట్టినది. పెట్టె దగ్గర మాతోడ అప్రెంటిసు కుర్రవాడొకడు ఉండెను. అతనిని బిరడా కొరకు స్టోరుకు పంపిరి. అతడు పరుగున పోయి పరుగున వచ్చెను. గుడ్డపీలికను లాగి, లప్పము గోకి, తెచ్చిన బిరడాను ద్వారమున పెట్టి త్రిప్పెను. ఒకటిన్నర చుట్టు తిరిగి అది నిలిచినది.

"పట్టీసింది కదా మావయ్యా," అనెను కుర్రవాడు.

"పట్టడం వేరు, పట్టుకోడం వేరురా," అనెను ఫోర్‌మను. బిరడాను వేలితో ఆడించెను, అది ఆడినది. పెట్టె ద్వారమునకు అర అంగుళపు గొట్టపు మర; కుర్రవాడు తెచ్చినది 20 మిల్లీమీటర్ల మెట్రిక్ మర. రెండింటి లావునకు తేడా ఒక మిల్లీమీటరుకు కొంచెము పైన. ఒకదానిలో మరకు మరకు నడుమ దూరము 1.5 మిల్లీమీటర్లు, రెండవదానిలో 1.8. కంటికి కవలలు. రెంచితో బలవంతము చేసినచో ఒకటి రెండు మరలు చెడి బిగిసినట్లే యుండును. మంటను ఆపుటకు కనీసము అయిదు మరలు పూర్తిగా ఒకదానిలో నొకటి ఇమిడి యుండవలెను. మరల మధ్యనున్న మెలికల దారియే అచ్చట మంటను చల్లార్చు సందు. ఒకటిన్నర మరల దారిలో మంట చల్లబడునంత పొడవు లేదు.

స్టోరులో తగిన బిరడా లేదు. ఫోను మోగినది, పంపు ఎప్పుడు నడచునని పైవారు అడిగిరి. మరల మోగినది. మూడవసారి మోగినప్పుడు అవతలి గొంతు నాకును వినబడినది. ఫోర్‌మను తగ్గుస్వరముతో, "బిరడా వచ్చినాక నడుస్తాదండి," అని మాత్రము చెప్పుచుండెను. నా పని ముగిసినను, ఏమగునో చూడవలెనని అచ్చటనే నిలిచితిని. మధ్యాహ్నము గడచి, సాయంత్రపు షిఫ్టు బస్సులు వచ్చి ద్వారము వద్ద ఆగిన తరువాత, ప్రక్క విభాగమునుండి తగిన బిరడా దొరకినది. ఫోర్‌మను దాని మీది అక్షరములను కండ్లజోడు పెట్టుకొని చదివి, సంఖ్యను రిజిస్టరులో ఎక్కించి, బిరడాను కుర్రవాని చేతికిచ్చెను. త్రిప్పుచుండగా బిగ్గరగ లెక్కపెట్టుమనెను. కుర్రవాడు మొదట సిగ్గుపడి, తరువాత గొంతు విప్పి లెక్కపెట్టెను. అయిదు దాటి ఆరు అనునప్పటికి బిరడా బిగిసినది.